ముప్పై ఏడు మిల్లీసెకన్లు

మా దంగ్‌డుట్ పాటల్లో కెండంగ్ వాయించేవాడిదే పెత్తనం. పాడేవాళ్ళయినా, మీటేవాళ్ళయినా, ఆఖరికి కంప్యూటరయినా ఆ డోలు దెబ్బ వెనకే నడవాలి. అందుకే తాళంలో ఎక్కడ తేడా వచ్చినా అందరం కలిసి యంత్రాన్ని తిడతాం. కెండంగ్ వాణ్ణి అనే అలవాటు మా సిదోఅర్జోలో ఎవరికీ లేదు. పదహారో ఏట నుంచీ ఆ పీట మీద కూర్చున్నవాణ్ణి, నాకు అసలే లేదు.

నా భార్య శ్రియాతున్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలు, భోజనాలు అయిన మర్నాడే రిహార్సల్ పెట్టించాను. శనివారం క్రియాన్‌లో పెళ్ళి కచేరీ ఒప్పుకొని ఉన్నాం. తుమిజాన్ గుండె రాయి చేసుకున్నాడు అని వీధిలో నా గురించి అనుకున్నారట. రాయీ లేదు, రప్పా లేదు. ఏడుపు రాలేదు, అంతే. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుండేది. అన్నం తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు.

ఇరవై రెండేళ్ళు మా బృందంలో సింథ్, అంటే కరెంటు మీటల పెట్టె, వాయించింది శ్రియాతునే. ఆమె చోటికి వివిన్ వచ్చింది. సురబాయా స్టూడియోల్లో పని చేసి వచ్చిన మనిషి, మాట తక్కువ. శ్రియాతున్ లాప్‌టాప్, సింథ్ రెండూ ఆమెకే అప్పగించాం. పాటల ఫైళ్ళన్నీ లాప్‌టాప్‌లో ఉంటాయి. అది తీగ గుండా సంకేతాలు పంపుతుంది, సింథ్ ఆ ప్రకారం బాసూ ఫ్లూటూ మోగిస్తుంది. పైన విడిగా చేత్తో వాయించేది వివిన్. నేను లాప్‌టాప్ ఇచ్చే టిక్కు టిక్కు ఒక చెవిలో పెట్టుకుని కెండంగ్ కొడతాను.

మొదటి పాట సగంలోనే వివిన్ చేతులు తీసేసింది. అందరిలాగే నన్ను చాక్, అంటే అన్నా, అని పిలిచింది.

"చాక్, సింథ్ వెనకబడుతోందండీ. నేను కొట్టిన బాసుకీ లాప్‌టాప్ కొట్టించిన బాసుకీ మధ్య సందు ఉంది."

"ఇన్నాళ్ళకి ఒకరికి తెలిసింది!" అన్నాను. "చెవిలో టిక్కొకటి, బయట మోతొకటి. మా ఆవిడతో మొత్తుకున్నా వినేది కాదు. ఆమెది కాస్త బద్ధకపు చెయ్యిలే. పెట్టెకీ అదే అంటుకుంది."

మా గాయని లిలిక్ ఏదో అనబోయి, నీళ్ళ సీసా ఎత్తి తాగింది.

"శనివారం లోపల బాగుచెయ్యి. పెట్టె తప్పుకి జనం నన్ను చూసి నవ్వితే ఊరుకోను. అంతగా కాకపోతే ఆ కెండంగ్ కుర్రాడు హుదాని కూర్చోబెట్టుకోండి. నా పీట ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకునే ఉన్నాడు."

ఊరికే అన్న మాట అది. ఆ పీట ఒక్కటే నాకు మిగిలింది, దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

వివిన్ ముందు తీగ మార్చింది. తేడా పోలేదు. తర్వాత యంత్రాల లోపలి గడియారం చూసింది. లాప్‌టాప్, సింథ్ రెండూ నేనంటే నేను పెద్ద అనుకుంటే తాళం ఇలాగే చెడుతుందట. చూస్తే సింథ్ బుద్ధిగా లాప్‌టాప్ మాటే వింటోంది. తర్వాత ఒక తమాషా చేసింది. లాప్‌టాప్ నుంచి బయల్దేరిన సంకేతాన్ని అదే తీగతో తిప్పి మళ్ళీ లాప్‌టాప్‌లోకే పంపి, దారిలో ఎంత ఆలస్యమైందో కొలిచింది.

"రెండు మిల్లీసెకన్లు. అంటే సెకన్ని వెయ్యి ముక్కలు చేస్తే రెండు ముక్కలు. దాన్ని ఏ చెవీ పట్టలేదు. రోగం తీగలో లేదు చాక్."

లొంతోంగ్ కుపాంగ్, అన్నం ముద్దల మీద ఆల్చిప్పల పులుసు, తెప్పించుకుని తిన్నాం. రుచి తెలియలేదు, నిమ్మకాయ ఇంకా పిండుకున్నాను, అయినా తెలియలేదు. చేతులు కడుక్కుని వచ్చేసరికి వివిన్ తెర ముందు వంగి ఉంది.

"ఇది చూడండి. ప్రతి వాద్యం పక్కనా ఆలస్యం అని ఒక గడి ఉంటుంది. మామూలుగా సున్నా ఉండాలి. శ్రియాతున్ అక్క ముప్పై ఏడు పెట్టారు."

"పొరపాటున నొక్కి ఉంటుంది."

"పొరపాటయితే ఒక పాటలో ఉంటుందండీ. అరవై మూడు పాటల్లోనూ ఉంది."

అన్నీ సున్నా చేసి వాయించింది. ఆమె చెయ్యీ సింథూ ఒక్కటే గొంతుతో పలికాయి. రోగం కుదిరిందిరా బాబూ అనుకుని నేనూ కెండంగ్ అందుకున్నాను.

నాలుగు ఆవర్తాలు కూడా నడవలేదు. ఇరుకు మెట్ల మీద ఇద్దరు ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ దిగుతున్నట్టుంది.

"ఉన్నది కాస్తా ఊడగొట్టావు," అని అరిచాను.

వివిన్ లేచింది. మైకు తెచ్చి కెండంగ్ దగ్గర పెట్టి, "ఒక్క నిమిషం టిక్కు వింటూ కొట్టండి చాక్," అంది. కొట్టాను. తెర మీద టిక్కుల గీతలు ఒక వరస, నా దెబ్బల గీతలు కింద ఇంకో వరస పడ్డాయి. ఆమె ఒక్కో సందూ కొలిచింది.

"ఎంత?"

"ముప్పై ఐదు. నలభై. ముప్పై ఏడు. ముప్పై ఆరు."

"టిక్కుకి ముందేనా?"

"వెనక, చాక్."

నా వేళ్ళ చివర్లు మొద్దుబారి ఏడేళ్ళయింది. చక్కెర జబ్బు. ఎవరికీ చెప్పలేదు. చేతికి తన దారి తెలుసులే అనుకున్నాను.

వివిన్ లిలిక్ వైపు తిరిగింది. "అక్క చేత్తో వాయించేటప్పుడో?"

"చేత్తోనూ అంతే," అంది లిలిక్. "ఆగి, ఆగి మీట నొక్కేది. నన్నూ అలాగే పాడమంది. చాక్ చెవిన ఎవరైనా ఊదారో, స్టేజీ మీదే చెప్పు తీస్తానంది." అని నావైపు చూసింది. "జనం ముందు ఆమెని బద్ధకపు చెయ్యి అని మీరు దెప్పినప్పుడల్లా నాకు నోటిదాకా వచ్చేది చాక్. కళ్ళతోనే నొక్కేసేది."

"ఇంతమంది కలిసి నన్ను వెర్రివెధవని చేశారా?" అన్నాను. కోపం వచ్చింది నిజమే. కానీ ఎవరి మీద తీర్చుకోవాలో ఆ మనిషి లేదు.

వివిన్ పాత ఫైళ్ళు తీసింది. మార్చిన ప్రతిసారీ తారీఖు పడి ఉంది. ఏడేళ్ళ కింద ఆరు. తర్వాత పదమూడు, ఇరవై రెండు, ముప్పై ఒకటి. నా చెయ్యి ఎంత వెనకబడితే అంత.

"ముప్పై ఏడు ఎప్పుడు పెట్టింది?"

"ఫిబ్రవరి పదకొండు."

పదమూడున పోయింది. పదకొండున ఆస్పత్రి మంచం మీద ఉంది. అంతకు ముందురోజు ఆమె లేకుండానే నేను మోజొకర్తోలో ఒక పెళ్ళికి వాయించి వచ్చాను. అక్కడ ఫోన్లో తీసిన వీడియో ఇమ్మని ఆమె సతాయించి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింది. తర్వాత లాప్‌టాప్ తెమ్మంది. సెలైన్ గుచ్చిన చెయ్యి ఎత్తలేక రెండో చేత్తో ఒక్కో మీటా నొక్కుతోంది. "ఇక్కడ కూడా ఆ పెట్టేనా? మొగుడి మొహం ఎప్పుడు చూస్తావు?" అని కసిరాను. "ఇదొక్కటీ అయిపోనీ," అంది. అరవై మూడు పాటలు. సాయంత్రం దాకా చేసింది. నాకు విసుగొచ్చి బయటికెళ్ళి సిగరెట్లు కాల్చుకున్నాను.

అదంతా తలుచుకుంటూ కూర్చున్నాను. అప్పుడైనా ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. వేళ్ళలాగే ఉంది లోపలంతా.

"మళ్ళీ ముప్పై ఏడు పెట్టేస్తాను చాక్," అంది వివిన్ మెల్లగా. "నేనూ ఆగి కొట్టడం నేర్చుకుంటాను. శనివారానికి వచ్చేస్తుంది."

"వద్దమ్మా. ఏడాది తిరిగేసరికి అది నలభై ఐదవుతుంది. అప్పుడు కూర్చుని ఎవరు కొలుస్తారు? సున్నాయే ఉంచు."

హుదాకి నేనే ఫోన్ చేశాను. శనివారం క్రియాన్ వచ్చి కూర్చోమన్నాను. నమ్మలేదు.

"మీకేమైంది చాక్? జ్వరమా?"

"దెబ్బ ఆలస్యంగా పడుతోందిరా," అన్నాను. ఏడేళ్ళలో ఆ మాట నాతో అన్నవాళ్ళు లేరు. నా నోటితో నేనే అన్నాను.