వెనక ఎడమ చక్రం మోటారు

నేను ఒక మోటారుని. పిడికిట్లో ఇమిడిపోయేంత చిన్నదాన్ని. ఆ ఆదివారం కోటేశ్వరి వాళ్లింట్లో ఎవరెవరు ఉన్నారో ఇప్పటికీ గుర్తుంది. కోటేశ్వరి, ఆమె స్నేహితురాలు జాస్మిన్, చింతపండులో గింజలు తీస్తున్న నాయనమ్మ, తలుపు చాటున గుడ్లు పొదుగుతున్న కోడి. ఇంకా మేం నలుగురు మోటార్లం, వాళ్ల బడి రోబోకి చక్రానికొకరం చొప్పున.

నాలోని రాగితీగ ఎవరు చుట్టారో నాకు తెలియదు. మొదట ఒక పట్నం బడిలో ఉండేదాన్ని. అక్కడ కొత్తవి రాగానే మమ్మల్ని ఈ పల్లె బడికి ఇచ్చేశారు. తమకు అక్కర్లేనిది ఇచ్చేటప్పుడు మనుషులు ఫొటోల్లో ఎంత బాగా నవ్వుతారో!

బడుల మధ్య జరిగే పోటీలో రోబో పెట్టెల్ని గీత దాటించాలి. నడిపేది జాస్మిన్. ఆమెకు వేగం కావాలి. జాయ్‌స్టిక్‌ని ఒక్కసారే ముందుకు తోసేది. నలుగురం ఒకేసారి బ్యాటరీ మీద పడేవాళ్లం. రోబో మీది దీపం ఆరి, అది నిలబడిపోయేది. బ్యాటరీ బరువంతా నా వైపే ఉండేది కాబట్టి అందరికన్నా నేనే ఎక్కువ వేడెక్కేదాన్ని.

"కరెంటు రాగానే ఊళ్లో బోర్లన్నీ ఒక్కసారే ఏత్తే ఫీజు పోదంటే? నిదానంగా నెట్టవే," అంది నాయనమ్మ. తర్వాత వచ్చి నన్ను ముట్టుకుని, "దీనికి జొరమొచ్చినట్టుందిగా!" అంటూ తడిగుడ్డ కప్పేసింది.

"అయ్యో నాయనమ్మా, లోపలికి నీళ్లు పోతాయి!" అంది కోటేశ్వరి.

"మీ తాత బోరు మోటారుకి తడి గోతం కప్పేవోడు. అదేం చచ్చిందా?"

ఆ గుడ్డ వల్ల పట్టిన తుప్పు మచ్చ ఇంకా నా మీద ఉంది. ఎవరూ తుడవకపోతే బాగుండు.

కోటేశ్వరి గుడ్డ తీసేసి, చంటిపిల్ల నుదురు చూసినట్టు చేతి వెనకవైపుతో నన్ను తాకి చూసింది. ఆ రోజు నుంచీ ప్రతి ఆట తర్వాతా అలాగే చూసేది. చక్రాలకు పెద్ద పళ్లచక్రాలు, అంటే గేర్లు, బిగిస్తే వేగం తగ్గుతుంది, మా మీద భారమూ తగ్గుతుంది. ఆమె బిగించి చూపించింది కూడా.

"తాబేలుని చేశావేందే! అందరూ నవ్వుతారు," అంది జాస్మిన్.

కోటేశ్వరి పెద్దవి విప్పేసింది. మళ్లీ చిన్నవే బిగించింది.

పోటీ రోజు మొదటి ఆట గెలిచాం. కానీ నాలోంచి కాలిన వాసన. ఇంకో ఆట ఉంది, అదే ఆఖరిది. నేను కాలిపోతే నా బదులు పెట్టడానికి ఇంకొకటి లేదు. అక్కడితో వాళ్ల పోటీ అయిపోయినట్టే. కోటేశ్వరి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. చుట్టూ అంతమంది. చివరికి జాస్మిన్ చెయ్యి పట్టుకుని తెచ్చి నా మీద పెట్టింది.

"అమ్మా! ఇంతగా కాలతందా? చెప్పవేందే!"

"చెప్తే వింటావా?"

జాస్మిన్ చెయ్యి ఊదుకుంటూ నవ్వేసింది. "మార్చు. నీ తాబేలే కానీ."

కోటేశ్వరి అన్నం సంచిలోంచి పెద్ద పళ్లచక్రాలు తీసింది. ఎవరికీ చెప్పకుండా తెచ్చుకుందన్నమాట. ఆమె బిగిస్తుంటే జాస్మిన్ అట్టముక్కతో నాకు విసిరింది.

ఆఖరి ఆటలో అవతలి రోబో మెరుపులా తిరిగి, మధ్యలో పొగలు కక్కుతూ ఆగిపోయింది. మేం మెల్లగా, జాస్మిన్ నెమ్మదిగా నెట్టినంత మెల్లగా, చివరి పెట్టెను గీత దాటించాం. నవ్వినవాళ్లు నవ్వారు. గెలిచింది మేమే.

బహుమతి ఏమిటనుకున్నారు? కొత్త మోటార్లు! ఎంత వేడెక్కిందీ తెర మీద అంకెల్లో చూపిస్తాయి, వేడి మించితే వాటంతటవే ఆగిపోతాయి. వాటిని ఎవరూ ముట్టుకుని చూడక్కర్లేదు.

మమ్మల్ని విప్పి బడి బీరువాలో పెట్టారు. అందరూ వెళ్లాక కోటేశ్వరి ఒక్కతే తిరిగొచ్చింది. చేతి వెనకవైపు నా మీద ఆనించి కాసేపు ఉంచింది.

"చల్లగా ఉన్నావు," అంది.

చల్లగా ఉన్నందుకు నాకు బాధ కలగడం అదే మొదటిసారి. ఆమె బీరువా తలుపు వేసింది.