నెల తప్పిన కోడలు

వనజాక్షికి మూడు నెలలుగా ముట్టు రాలేదు. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లల్లేరు కాబట్టి మొదట ఆమెకే ఆశ పుట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, రాయదుర్గంలో తను పనిచేసే జీన్స్ యూనిట్‌కు సగం రోజు సెలవు పెట్టి, ఊళ్లో నర్సు ఎస్తేరు దగ్గరికి పోయింది.

ఎస్తేరు పరీక్ష చేసింది. కార్డు మీద ఒక్క గీతే పడింది.

"కడుపు కాదు వనజమ్మా," అని ఆమెను బరువు చూసే మిషన్ ఎక్కించింది. ముప్పై ఆరు కేజీలు. "ఏం తింటాండావు నువ్వు?"

వనజాక్షి ఆలోచించి చెప్పాల్సి వచ్చింది. పొద్దున టీ తాగి బస్సుకు పరుగెత్తుతుంది. మధ్యాహ్నం ఊరగాయ అన్నం. పన్నెండు గంటలు ప్యాంట్లకు జిప్పులు కుట్టాలి. బాత్రూంకు లేస్తే సూపర్‌వైజర్ అరుస్తాడని నీళ్లు కూడా తాగదు. సాయంత్రం ఇంటికొచ్చి సంగటి చేస్తే మొదట భర్త రాఘవేంద్ర, తర్వాత అత్త బయమ్మ తింటారు. మిగిలింది ఆమెకు.

"మిగలకపోతే?"

"పడుకుంటా మేడం."

ఎస్తేరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. "కూడు లేకుండా ఇంత పని చేస్తే ముట్టు నిలిచిపోతాది. ఉన్న కాస్త సత్తువను ఒళ్లు ప్రాణం కోసం దాచిపెట్టుకుంటాది. బాగా తినల్ల, నిద్రపోవల్ల. రెండు నెల్లకూ రాలేదంటే పెద్దాస్పత్రికి పోదాం," అని రక్తం పట్టడానికి ఎర్ర మాత్రల షీటు చేతిలో పెట్టింది.

ఆ మాటే అత్తకు చెప్పాలనుకుంటూ ఇల్లు చేరింది వనజాక్షి. కానీ బయమ్మ కళ్లు ముందు మాత్రల మీద పడ్డాయి. కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే ఎర్ర మాత్రలు. మూడు నెలలుగా కోడలు బయట చేరకపోవడం ఆమె గమనిస్తూనే ఉంది.

"నాకు చెప్పకుండా దాస్తావేమే!" అంటూ కోడలి బుగ్గలు పట్టుకుంది. లోపలికి పోయి, కొడుకు కోసం ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి ఆమె నోట్లో పెట్టింది. "ఐదో నెల దాకా ఎవరికీ చెప్పొద్దు. దిష్టి తగుల్తాది."

వనజాక్షి చెప్పాలనే నోరు తెరిచింది. నోట్లో గుడ్డు ఉంది. నమిలి మింగింది. ఆ తర్వాత చెప్పలేదు.

మరుసటి రోజు నుంచి యూనిట్ మాన్పించారు. సంగటిలోకి ఆకుకూర పప్పు, పూటకో గుడ్డు, గుప్పెడు చెనిక్కాయలు, పడుకునే ముందు పాలు. బోరు ఎండిపోయాక సేద్యం మాని మండల నాయకుల వెంట తిరిగే రాఘవేంద్ర కూడా ఒక రోజు దానిమ్మ పండ్లు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టినాడు. ఐదేళ్లలో అతను ఆమె కోసం ఏదైనా తేవడం అదే మొదటిసారి. మధ్యాహ్నాలు నిద్రపోయింది. దువ్వెనకు జుట్టు రావడం తగ్గింది. రోజూ పొద్దున ఈ రోజు చెప్పేస్తాననుకునేది. కంచం ముందుకు రాగానే రేపు చెబుదామనుకునేది.

ఐదో నెల లెక్కకు బయమ్మ స్కానింగ్ మాట ఎత్తింది. సోమవారం పోదామంది. ఆదివారం పొద్దున వనజాక్షికి ముట్టు వచ్చింది.

దొడ్లో గుడ్డ ఉతుకుతుంటే బయమ్మ చూసింది.

"చంపుకున్నావు గదే! ఏం మింగినావు? ఎవరిచ్చినారు?" అంటూ చెంబుతో వీపు మీద కొట్టింది. వీధిలో జనం గుమిగూడారు. రాఘవేంద్ర పెళ్లాం రెక్క పట్టుకుని ఎస్తేరు దగ్గరికి ఈడ్చుకుపోయినాడు. వెనకే బయమ్మ.

"నా బిడ్డకు ఏం మందిచ్చినావు మేడం?" అని అరిచినాడు.

నిజం చెబితే వనజాక్షికి దెబ్బలు తప్పుతాయనుకుంది ఎస్తేరు. "ఏ బిడ్డ లేదు రాఘవేంద్రా. నేనే పరీక్ష చేసినా. కూడు లేక ముట్టు నిలిచింది, పెట్టినారు కాబట్టి వచ్చింది. మంచిదే జరిగింది. ఇట్లే ఇంకో ఆరు నెల్లు పెట్టండి. కడుపు కూడా రావచ్చు."

రాఘవేంద్ర భార్య వైపు తిరిగినాడు. "అంటే రెండు నెల్లు ఊరికే తిన్న్యావా?"

బయమ్మ కొంగు దులుపుకుంది. "కడుపు రానీలేమ్మా, అప్పుడు పెడతాం."

"పెట్టకుండా ఎట్లొస్తాది అక్కా?" అని ఎస్తేరు అడిగింది. బయమ్మ అప్పటికే ఇంటి దారి పట్టింది.

మరుసటి రోజు వనజాక్షి మళ్లీ యూనిట్‌కు పోయింది. ఇంట్లో గుడ్లూ చెనిక్కాయలూ బయమ్మ పెట్టెలోకి చేరి, దానికి తాళం పడింది. రెండు వారాలకు, పెళ్లి సంబంధాలు చూసే తిమ్మప్ప ఇంటికొచ్చినాడు. అతని ఎదుట బయమ్మ గొంతు తగ్గించుకోలేదు.

"నా కొడుక్కు బొద్దుగా ఉండే పిల్లను చూడన్నా. పుట్టింట్లోనే బాగా తిని ఉండల్ల. పెట్టి బాగుచేసుకునేది మా వల్ల కాదు."

పొయ్యి దగ్గర సంగటి ముద్దలు చేస్తున్న వనజాక్షి చేతులు ఆగిపోయాయి. ఏడుపు రాలేదు. ఆకలేసింది. అక్కడే కూర్చుని, ఎవరూ తినక ముందే, కాలుతున్న ముద్దను తుంచి తిన్నది. రెండో ముద్ద కూడా తీసుకుంది. బయమ్మ వచ్చి జుట్టు పట్టుకున్నా నమలడం మానలేదు. రాఘవేంద్ర ఆమెను వీధిలోకి తోసి తలుపు వేసుకున్నాడు. తిమ్మప్ప చెప్పులు వేసుకుంటూ, "యాడికి మండలంలో ఒక పిల్ల ఉండాది, అడిగి చెప్తా," అన్నాడు.

వనజాక్షి ఆ ఇంటికి మళ్లీ పోలేదు. రాయదుర్గంలో తోటి పనివాళ్లు ఇద్దరితో కలిసి గదిలో ఉంటోంది. వండింది ముగ్గురూ ఒకేసారి కూర్చుని తింటారు. ముట్టు నెలనెలా వస్తోంది.

ఊళ్లో మాత్రం ఆమె కడుపులో బిడ్డను మందు మింగి చంపుకుందనే చెప్పుకుంటారు. ఎస్తేరు ఎన్నిసార్లు చెప్పినా నమ్మినవాళ్లు లేరు. ఊరి నుంచి యూనిట్లకు వచ్చే ఆడవాళ్లు బజార్లో ఎదురైతే, వెంట ఉన్న పెళ్లి కావాల్సిన పిల్లలను ఆమెకు దూరంగా పక్కకు లాక్కుంటారు.