తీతువు మోకాలు

గడ్డిమైదానంలో పిట్టల్ని చూడ్డానికి వచ్చినవాళ్లందరి మెడల్లో బైనాక్యులర్లు వేలాడుతుంటే, అమ్మ చంకలో మాత్రం సంచీ ఉంది. అందులో గొడుగు, దూది, గాయాల మందు, ఒక ఈల, ఎందుకైనా మంచిదని ఇంకో ఈల. అందరినీ నడిపించేది ఆమె కూతురే. ఇవాళ్టి నడక సవ్యంగా సాగితే పిల్లకు ఈ పని ఖాయమవుతుంది. అది తేల్చడానికే పని ఇచ్చే మేడమ్ కూడా వెంట వచ్చింది. ఖాయమైతే పిల్ల వారం వారం ఈ గడ్డిలో పడి తిరగాలి. మోకాలెత్తు గడ్డి. అందులో పాము లేదని ఎవరు రాసిచ్చారు?

పిల్ల పని చెడాలని అమ్మ కోరుకోలేదు. అంత పాపిష్టిది కాదు. ఉద్యోగం రావాలి, కాకపోతే కుర్చీలో కూర్చునేది రావాలి. అందుకని దారి పొడవునా ఏదో ఒకటి అంటూనే ఉంది. మబ్బు పట్టిందంది. మబ్బు విడిపోతే ఎండ చురుక్కుమంటోందంది. పాములు పారిపోవాలని కర్రతో గడ్డిని టపటపా కొడుతూ నడిచింది. పాముల సంగతేమో గానీ, దరిదాపుల్లోని పిట్టలన్నీ లేచిపోయాయి. బైనాక్యులర్లు ఎత్తినవాళ్లకు ఖాళీ ఆకాశం కనబడింది. మేడమ్ మొహం ముడుచుకుంది. కూతురు వచ్చి కర్ర లాక్కుంది.

కర్ర పోయాక అమ్మకు మిగిలింది మోకాలే. పట్టేసిందంటూ కుడికాలు ఈడ్చడం మొదలుపెట్టింది. పాపం పెద్దావిడ, వెనక్కి పోదామని ఒకరిద్దరు అన్నారు కూడా.

సరిగ్గా అప్పుడే, గడ్డి పలచబడి గులకరాళ్లు తేలిన చోట, ఒక తీతువు కీచుమంటూ నేలమీద పడింది. ఒక రెక్క వేలాడేసుకుని, పడుతూ లేస్తూ పక్కకు ఈడ్చుకుంటూ పోతోంది. అమ్మ ప్రాణం ఉసూరుమంది. సంచీలో దూది కోసం తడుముకుంది.

కూతురు చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపింది.

"ఎవరూ కదలొద్దు. దాని రెక్కకేం కాలేదు. గుడ్లు ఇక్కడే ఎక్కడో ఉంటాయి. మనం అటు పోకుండా, తన వెంట పడాలని తల్లి పిట్ట అలా నటిస్తుంది."

నటిస్తుంది అన్నప్పుడు పిల్ల చూపు పిట్టవైపు లేదు. మిగతావాళ్ల చూపులు కూడా ఒక్కొక్కటే వచ్చి అమ్మ కుడి మోకాలి మీద వాలాయి. అమ్మకు ఉన్నట్టుండి సంచీ సర్దుకోవాల్సిన పని పడింది.

వెతికితే గుడ్లు అడుగు దూరంలోనే ఉన్నాయి, అచ్చం గులకరాళ్లలాగే. అందరూ గుసగుసగా మురిసిపోయి, మెల్లగా వెనక్కి తగ్గారు. వాళ్లు దూరం కాగానే తీతువు రెండు రెక్కలూ విప్పి హాయిగా ఎగిరింది. అమ్మ కూడా అందరికంటే ముందు వ్యాను చేరింది.

అక్కడ కూతురి భుజం తట్టి, వచ్చే వారం నుంచి నువ్వే నడిపించు అంది మేడమ్. ఆ మాట చెవిన పడిందో లేదో, అమ్మ అబ్బా అంటూ మోకాలు పట్టుకుంది.

కూతురు దగ్గరికొచ్చి మెల్లగా అంది. "అమ్మా, ఇందాక కుడికాలు కదా."

అమ్మ కిందికి చూసుకుంది. పట్టుకున్నది ఎడమకాలు.

"ఏ రెక్కో ఆ పిట్టకు మాత్రం గుర్తుంటుందేమిటే," అని గొణిగి, సంచీలోంచి రెండో ఈల తీసి కూతురి మెడలో వేసింది.