ఆరు కిలోల లూజు

జలపాతం కింద ఈదాలని దర్జీ పెద్దమ్మకు పట్టుకున్న పిచ్చి అంతా ఇంతా కాదు. యాభై నాలుగేళ్ల వయసులో, పొద్దున్నే కొట్టు తెరవకముందు కొలనుకు వెళ్లి, ఆరు నెలలు నీళ్లు మింగి మరీ ఈత నేర్చుకుంది. ఈరోజు నర్సు ఉద్యోగం చేసే చెల్లెలి కూతురిని సెలవు పెట్టించి మరీ వెంటబెట్టుకొచ్చింది.

"ముందు ఈ తీగకు వేలాడి లోయ దాటే జిప్‌లైన్, తర్వాత అరగంట నీళ్లు. ఏ విషయంలో తేడా చేసినా నీళ్లలోకి దింపను. బతిమాలినా లాభం లేదు," అన్నాడు పెద్ద గైడు, ఆమె నడుముకు పట్టీలు బిగిస్తూ.

పెద్దమ్మ బుద్ధిగా తలూపింది. కింద లోయ నిండా పచ్చటి అడవి. చెట్ల వెనక ఎక్కడో జలపాతం హోరు. అది వింటుంటే ఆమెకు కాలు నిలవడం లేదు. అవతలి గట్టున బ్రేకు దగ్గర నిలబడ్డ గైడమ్మ, చేతిలోని పెద్దమ్మ వివరాల కాగితం చూసుకుని, బ్రేకు సరిచేసి చెయ్యి ఊపింది.

అంతే, పెద్దమ్మ గాల్లోకి దూసుకుపోయింది. చెవుల్లో గాలి ఈలలు వేసింది. పెళ్లిలో కూడా ఇంత సంతోషపడలేదనుకుంది. ఇంతలో బ్రేకు పట్టేసింది. గట్టు ఇంకా పది బారల దూరం ఉండగానే ఆగిపోయి, లోయ మీద వేలాడింది.

రోజూ నలభై మందికి సూదులు పొడిచే నర్సు పిల్ల వెనక గట్టు మీద ఏడుపు లంకించుకుంది. "పెద్దమ్మా, కదలకే, నీకు దణ్ణం పెడతాను."

"వీపు నా వైపు తిప్పి, తీగ పట్టుకుని ఇటు లాక్కుంటూ రండమ్మా. తొందరేం లేదు," అంది గైడమ్మ.

పెద్దమ్మ చెప్పినట్టే చేసింది. ముప్పై ఏళ్లు కత్తెర ఆడించిన చేతులు ఆమెను గట్టుకు చేర్చాయి.

అప్పటికే గైడమ్మ వాకీటాకీలో పెద్ద గైడు చీవాట్లు మొదలయ్యాయి. "బ్రేకు అంత ముందు పెడతారా? రేపటి నుంచి నిన్ను టికెట్ల దగ్గర కూర్చోబెడతాను."

"యాభై ఎనిమిది కిలోల బరువుకు ఎంత ముందు పెట్టాలో అంత ముందే పెట్టానండీ," అంటూ ఆమె కాగితం మళ్లీ చూసుకుంది.

పెద్దమ్మ ఆ కాగితంలోకి తొంగి చూసింది. ఆ అంకె తన చేత్తో రాసిందే. తన బరువు యాభై రెండు. ఎవరి కొలత రాసినా కాస్త లూజు కలపకుండా ఆమె చెయ్యి ఊరుకోదు. చెబితే నీళ్లు దక్కవు. చెప్పకపోతే ఈ గైడు పిల్ల టికెట్ల దగ్గర కూర్చోవాలి. ఆరు నెలల ఈత కళ్ల ముందు కదిలి ఏడుపొచ్చింది.

"అది ఇలా ఇవ్వమ్మా," అని వాకీటాకీ అందుకుంది. "బాబూ, తప్పు నాది. కొలతలు రాసే అలవాటులో ఆరు కిలోలు లూజు పెట్టేశాను. ఈ అమ్మాయిని ఏమనకు."

వాకీటాకీలోంచి పెద్ద గైడు అడిగాడు. "ఈత వచ్చని రాశారు. అందులో ఎంత లూజు పెట్టారు?"

"అందులో పెట్టలేదు."

"సరే. అరగంట లేదు, పది నిమిషాలే. ఆ అమ్మాయి పక్కనుంటుంది."

గట్టు దిగి వెళ్లి, పెద్దమ్మ జలపాతం కింది మడుగులోకి దూకింది. చల్లదనానికి ఒళ్లు ఝల్లుమంది. బారలు వేసుకుంటూ వెళ్లి ధార కింద తల పెట్టింది. నీళ్లు వీపు మీద దబదబా బాదుతుంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు తనకే వినబడలేదు. నవ్వీ నవ్వీ, పక్కనే ఈదుతున్న గైడమ్మ వైపు దిగులుగా చూసింది.

"పది నిమిషాలూ అయిపోయినట్టున్నాయి కదమ్మా?"

గైడమ్మ వాచీ ఉన్న చేతిని నీళ్లలో ముంచేసింది. "ఏమోనమ్మా, నాకేం కనబడట్లేదు. మీరు ఈదండి."