నిండు డబ్బా

వ్యాపారం మొదలుపెట్టిన నాటికి అతని చేతిలో ఉన్నవి ఒక ఇరుకు కొట్టు, పాత కార్ల విడిభాగాలతో కిక్కిరిసిన అటక, గోడ అవతల ఒక బావ. కొట్టూ అటకా తండ్రి ఇచ్చినవి. అక్క పెళ్లితో బావ కలిసొచ్చాడు. నిజానికి ఆ కలిసొచ్చిన మనిషే మిగతా రెండింటినీ నిలబెట్టాడు. బావ మెకానిక్, గోడ అవతలి షెడ్డు అతనిదే. ఇద్దరూ కలిసి మధ్య గోడకు కిటికీ అంత కంత కొట్టుకున్నారు. సామానూ వేళాకోళమూ అందులోంచే అటూ ఇటూ సాగేవి. ఆ గోడ మొత్తం పడగొట్టి రెండిటినీ ఒకే కొట్టు చేయాలని అతని కోరిక.

"ఈ డాక్టరు కారు పని అవనీ, చూద్దాం," అన్నాడు బావ.

డాక్టరంటే పళ్ల డాక్టరు. కారు రెండు సీట్ల పాతకాలపు స్పోర్ట్స్ కారు. అలాంటి కారుకు ఇంజన్ దింపితే గానీ క్లచ్ కంటికి కనబడదు. బావ ఇంజన్ దింపాడు, అరిగిన క్లచ్ సామాను తట్టలో వేసి కంతలోంచి ఇవతలికి తోశాడు.

"బామ్మర్దీ, పిల్లను పంపిస్తున్నా. ఈడూ జోడూ చూడు."

"పిల్ల బాగా అరిగిపోయింది కదా బావా."

"నీ అటక మీదున్నవన్నీ పదహారేళ్లవి మరి!"

ఆ కొట్టుకు ఒకటే నియమం: పాత ముక్కను కళ్లతో చూడందే కొత్తది ఇవ్వకూడదు. బండి పేరు నమ్మకూడదు, తయారైన సంవత్సరం అసలే నమ్మకూడదు. అంత వయసున్న కారులో ఎవరి ఇంజన్ ఎవరి గేరుబాక్సుతో కాపురం చేస్తోందో ఎవరికి తెలుసు? అతను అటక మీంచి కొత్త క్లచ్ సెట్టు డబ్బా దింపి, పాత ప్లేటు వెడల్పు కొలిచాడు. మధ్య కన్నంలోని గాట్లు లెక్కపెట్టాడు. ప్రెషర్ ప్లేటు బోల్టు రంధ్రాలను కొత్తదానితో జతపెట్టి చూశాడు. అన్నీ కుదిరాయి. మిగిలింది రిలీజ్ బేరింగు. పెడలు తొక్కితే ముందుకు జరిగి క్లచ్‌ను విడిపించేది అదే. పాతది అరిగి బిళ్లలా మిగిలింది. దాన్ని చూసి అసలు ఎత్తెంతో చెప్పలేం.

"డబ్బాలో అన్నీ కంపెనీ జత చేసినవేగా," అన్నాడు బావ. "నువ్వు చూశావు కదా?"

"చూశాను."

చూడటమేమిటి, అది అతని చేతి పనే. ఆ డబ్బాలోని అసలు బేరింగును తొందర మీద వచ్చిన ఎవరికో ఎప్పుడో విడిగా అమ్మేశాడు. సెట్టులో ఒకటి తగ్గితే మిగతా సరుకు చచ్చినట్టే. అందుకని అలాంటిదే ఇంకోటి, కాస్త పొట్టిది, పెట్టి పైన నీలం టేపు అంటించాడు. అటక మీద ఏ డబ్బాలోనూ వెలితి కనబడకూడదన్నది అతను పైకి చెప్పని రెండో నియమం. ఇప్పుడు సరైనది తెప్పిద్దామంటే ఆలస్యం. ఆలస్యమైతే గోడ సంగతిలో బావ మనసు మారొచ్చు. అయినా పొట్టి అంటే ఎంత, గోరంత. గోరంత తేడాకి కొండంత కారు ఆగుతుందా?

ఆగింది. ఇంజన్ ఎక్కించి, పెడలు అడుగంటా తొక్కి, గేరు వేయబోతే కరకరలాడింది.

"పళ్ల డాక్టరు కారు కదా, పళ్లు నూరుతోంది," అని బావ నవ్వాడు.

మర్నాడు నవ్వలేదు. క్లచ్ ఆయిలు గొట్టంలో గాలి చేరిందేమోనని గాలి తీశాడు. సిలిండరు విప్పి మళ్లీ బిగించాడు. చివరికి కంతలో తల పెట్టి, "నా చెయ్యే ఎక్కడో తప్పింది రా," అన్నాడు.

"రబ్బర్లు చూడు బావా," అన్నాడు అతను.

బావ రబ్బర్లు కూడా మార్చాడు.

డాక్టరు వచ్చి నలుగురి ముందూ అడిగేశాడు. "చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా?"

బావ శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. కంతకు ఇవతల అతనికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. లెక్క వేసుకున్నాడు. చెబితే పరువు పోతుంది, గోడ మిగులుతుంది. చెప్పకపోతే బావ ఎలాగోలా ఒడ్డెక్కుతాడు. మాట మింగేశాడు.

సాయంత్రం అక్క వచ్చింది. "అన్నం దగ్గర కూడా మీ బావ చేతులే చూసుకుంటున్నారు రా. పని మానేస్తానంటున్నారు. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందక్కా, సామాను అమ్ముకునేవాణ్ణి."

బావ ఇంజన్ మళ్లీ దింపాడు. ఈసారి కంత దగ్గరికి రాలేదు. వీధిలోంచి తిరిగొచ్చి, కౌంటరుకు అవతల, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు. డబ్బా, బేరింగు పక్కపక్కన పెట్టాడు.

"షావుకారుగారూ, డబ్బా మీద నంబరు ఒకటి, దీని అంచు మీద ఇంకోటి. కంపెనీ టేపు మీద మీ టేపు."

"బావా, అది పొరపాటున..."

"పొరపాటైతే మొదటి రోజే చెప్పేవారు. రబ్బర్లు చూడమన్నారు మీరు."

పెళ్లినాటి నుంచీ నోటికొచ్చిన తిట్టల్లా తిట్టిన మనిషి అంత మర్యాదగా మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు.

సరైన బేరింగు బావే వేరేచోట సంపాదించుకున్నాడు. కారు మెత్తగా గేరు పడి వెళ్లింది. దాన్ని చూసి అలాంటి కార్లు మరికొన్ని వచ్చాయి, అన్నీ గోడ అవతలికే. కంతను ఇటుకలతో మూయించింది కూడా బావే. ఇటువైపు కూడా సున్నం వేయించాడు, వంక పెట్టడానికి లేకుండా.

ఇప్పటికీ సామాను కొంటాడు. వీధివైపు నుంచి వస్తాడు, పాత ముక్క కౌంటరు మీద పెడతాడు, కొత్తదాన్ని తన వెర్నియరుతో తనే కొలుచుకుంటాడు. "ఉంటానండీ," అని వెళ్తాడు.

చివరికి తేలిన లాభం ఇది: గోడ గట్టిపడింది, బావ నోట 'గారు' దక్కింది, పొట్టి బేరింగు తిరిగొచ్చింది. దాన్ని అదే డబ్బాలో పెట్టి, నీలం టేపు అంటించి, అటకెక్కించాడు. అక్కడ ఈ రోజుకీ ఒక్క డబ్బా ఖాళీగా లేదు.