సదయ్య కలిపిన వరుస

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. సదయ్య విషయంలో అది కొంచెం కష్టం. ఆయన బతికినన్నాళ్ళూ అబద్ధాలే ఆడాడు. అవీ ఒకే రకం అబద్ధాలు: లేని చుట్టరికాలు కలపడం. గోదావరిఖని బొగ్గు గనుల్లో ఆయనకు బావ కాని ఓవర్‌మన్ లేడు, మరదలు కాని దవాఖాన నర్సు లేదు. కొత్తగా ఎవరు బదిలీ మీద వచ్చినా ఊరిపేరు అడిగి, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, నువ్వు నాకు అల్లుడివి అవుతావని తేల్చేసేవాడు. కాదనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. ఆయనతో పాటు గనిలో దిగినవాళ్ళంతా ఒక్కొక్కరే పోయాక, ఆ మాటల్లో నిజమెంతో చెప్పేవాళ్ళూ లేకుండా పోయారు. చివరికి తొంభయ్యో ఏట, పెరుగు పుల్లగా ఉందని కోడలి మీద అలిగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఆ కోడలే సారవ్వ. తల్లీ తండ్రీ లేని పిల్ల, అమ్మమ్మ పెంచింది, ఆ అమ్మమ్మా పెళ్ళికి ముందే పోయింది. నలభై ఏళ్ళ కింద, కాపురానికి వచ్చిన మొదటి బతుకమ్మకు, క్వార్టర్ల లైనులోని కోడళ్ళందరినీ అన్నదమ్ములు వచ్చి తీసుకుపోతుంటే పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. సదయ్య చూశాడు, డ్యూటీకి పోయాడు. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు తన దగ్గర బొగ్గు నింపే పోశాన్ని వెంటబెట్టుకొచ్చి, చెవుల్లో మసి కూడా కడుక్కోని ఆ పిల్లగాణ్ణి వాకిట్లో నిలబెట్టి, ఇతను మీ పెద్దమ్మ కొడుకు, నీకు అన్న అన్నాడు. తర్వాత కోడలికి చాటుగా ఒక మాట చెప్పాడు.

"పోశం నిజమే అనుకుంటున్నడు బిడ్డా. నువ్వు చెప్పకు, పానం ఉసూరుమంటది."

సారవ్వ చెప్పలేదు. పక్క లైనులోని పోశం క్వార్టరే ఆమెకు పుట్టిల్లయింది. ఏటా అన్న పెట్టిన చీర కట్టుకుంటూ, మోసం చేస్తున్నానని లోలోపల కుమిలేది.

రేపు సదయ్య పదకొండో రోజు. కోడలికి పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టాలి. సారవ్వ కొడుకు కిషన్‌కేమో తాత ఫ్లెక్సీ మీద చుట్టాలందరి పేర్లూ గీతలు గీసి చూపించాలని బుద్ధి పుట్టింది. తల్లి ఊరికి ఫోను చేస్తే, ఆమె తల్లికి అక్కాచెల్లెళ్ళే లేరన్నారట. పోశం పేరు ఏ గీతకూ అందక ఒంటరిగా మిగిలింది. సారవ్వ ఎంత వద్దన్నా వినకుండా పోశాన్ని పిలిపించాడు. తాత మొండితనమంతా వచ్చింది గానీ, ఆ లౌక్యం రాలేదు.

సారవ్వ అన్నకు చాయ్ అందించింది. నిజం తెలిస్తే అన్న రేపు వస్తాడా? చీర పోతే పోయింది, ఈ వయసులో అన్నను పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

చుట్టరికం ఎక్కడ కలుస్తుందని కిషన్ అడిగాడు. పోశం తాపీగా చాయ్ ఊదుకుని, మా అవ్వను పుట్టగానే వేరే ఊరికి పెంపకానికి ఇచ్చేశారు, అందుకే అక్కడ ఎవరికీ తెలియదు అన్నాడు.

సారవ్వ నివ్వెరపోయింది. పోశం తల్లి సొంత అమ్మగారింట్లోనే పెరిగిందని, ఎప్పుడో ఆ తల్లి పెద్దకర్మకు వచ్చిన పోశం మేనమామ నోటనే సారవ్వ విన్నది.

"ఎందుకిచ్చిన్రు మామా?" అన్నాడు కిషన్.

అంతదూరం పోశం ఆలోచించుకోలేదు. పైకప్పు వైపు చూశాడు, గ్లాసులోకి చూశాడు. అప్పుడర్థమైంది సారవ్వకు. మామ సదయ్య ఇటు తనకు చెప్పిన మాటే అటు పోశానికీ చెప్పాడు: పిల్ల నిజమే అనుకుంటున్నది, చెప్పకు అని. నలభై ఏళ్ళు ఇద్దరి నోళ్ళూ కట్టేసి, పెరుగు మీద అలిగి వెళ్ళిపోయాడు. ఆయన మీద ఎక్కడలేని కోపమూ వచ్చింది, అంతకు మించి ప్రేమా వచ్చింది.

"కవలలు పుట్టిన్రు," అంది కొడుకుతో. "ఇద్దరికి పాలు సాలక ఒకలను ఇచ్చిన్రు."

పోశం తల తిప్పి చెల్లెలి ముఖంలోకి చూశాడు.

"ఔ," అన్నాడు. "మా అవ్వ గడియ ముందు పుట్టింది. గందుకే నేను నీకు అన్ననైన."