మంగతాయారు ఎక్కిన సీటు

నేను ఒక సైకిల్ సీటుని. హ్యాండిల్‌ని ప్రేమగా పట్టుకుంటారు, గంటని సరదాగా మోగిస్తారు, చక్రాలకి అడక్కుండానే గాలి కొడతారు. నన్ను మాత్రం మనుషులు తలుచుకునేది ఎక్కడో నొప్పి పుట్టినప్పుడే. అందుకని నాకు కాస్త నోరెక్కువ. ఏమీ అనుకోకండి.

తోలు నానబెట్టి, ఇనుప చట్రం మీద లాగి, మేకులు కొట్టి, కింద రెండు స్ప్రింగులు పెట్టి నన్ను తయారుచేశారు. తర్వాత ఇరవై నాలుగు అంగుళాల పెద్ద సైకిలుకి బిగించారు. మొదటి యజమాని ఒక ఫారెస్టు గార్డు. ఆయన కూర్చుంటే నా స్ప్రింగులు కుయ్యోమనేవి. రెండో ఆయన బడిపంతులు. పాపం, ఆయనకి మూలశంక. నా మీద తువ్వాలు నాలుగు మడతలు వేసుకుని కూడా "పాడు సీటు, పాడు సీటు" అని నన్నే తిట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! చివరికి అరకులో అద్దె సైకిళ్ల కొట్టు నడిపే పాంగి లచ్చన్న చేతిలో పడ్డాం. గేర్ల సైకిళ్లు వచ్చాక మమ్మల్ని అడిగిన నాథుడు లేడు. వచ్చినవాళ్లు మాకు ఆనుకుని ఫొటోలు దిగి, పక్క సైకిలు ఎక్కి పోయేవారు.

ఇలా ఉండగా ఒక డిసెంబరు ఉదయం, మంచు ఇంకా విడవకముందే, అమలాపురం నుంచి సెలవులకి వచ్చిన కుటుంబం ఒకటి కొట్టు ముందు దిగింది. కొబ్బరికాయల వ్యాపారి సూర్యచంద్రరావు, భార్య మంగతాయారు, కాలేజీ చదువుల కూతురు లహరి, కొడుకు నిఖిల్. నాలుగు కిలోమీటర్ల అవతల వలిసె చేలు పసుపు పచ్చటి పూలతో విరగబూసి ఉన్నాయి. ముగ్గురూ సైకిళ్ల మీద వెళ్లాలనీ, తల్లి టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆటోలో రావాలనీ ఏర్పాటు.

"నేను ఆటో ఎక్కను," అంది మంగతాయారు. "నిన్న బొర్రా గుహల్లోకి మీరెళ్లారు, బ్యాగులు నేను కాశాను. మొన్న జలపాతంలోకి మీరు దిగారు, చెప్పులు నేను కాశాను. ఇవాళ నేనూ సైకిలు మీదే వత్తాను."

"మీ అమ్మ జన్మలో తొక్కింది కుట్టు మిషనొక్కటేరా!" అన్నాడు సూర్యచంద్రరావు. పిల్లలు పకపకా నవ్వారు. చిన్నప్పుడు ఊరంతా సైకిలు మీద తిరిగానని ఆవిడ పాతికేళ్లుగా చెబుతూనే ఉందట, వీళ్లు విన్నప్పుడల్లా నవ్వుతూనే ఉన్నారట.

"ఇవాళ తొక్కలేకపోతే ఆ మాట మళ్లీ జన్మలో ఎత్తను. ఒట్టు!" అంది ఆవిడ. ఆ గొంతులో వేళాకోళం లేదు. ఇందుకోసమే కొనుక్కున్న కొత్త చుడీదారు చున్నీని నడుముకి బిగించి, మెరిసే సైకిళ్లన్నీ దాటుకుని తిన్నగా మా దగ్గరికే వచ్చింది. "మా నాన్న సైకిలు అచ్చం ఇలాగే ఉండేది," అని నా మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. నా ప్రాణం లేచొచ్చింది.

అయితే ఎక్కే తీరు చూడగానే నాకు విషయం అర్థమైంది. కుడి చెయ్యి నా మీదుగా వేసి, నన్ను చంకలో ఇరికించుకుంది. ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలు కడ్డీ కింది సందులోంచి అవతలకి పోనిచ్చింది. ఓసి నా తల్లీ! సీటు అందని చిన్నపిల్లలు తొక్కే అర తొక్కుడు అది. పదేళ్ల పిల్ల పట్టే సందులో యాభై రెండేళ్ల మనిషి మోకాలు పడుతుందా? ఇరుక్కుపోయింది. నిఖిల్ సైకిల్ని, లహరి తల్లిని పట్టుకుని చెరోవైపు లాగాల్సి వచ్చింది. సూర్యచంద్రరావు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"నేనెప్పుడూ సీటెక్కలేదు," అంది మంగతాయారు మోకాలు రుద్దుకుంటూ. "కాళ్లు అందే వయసొచ్చేసరికి ఓణీ వేశారు. మా నాయనమ్మ సైకిలు ముట్టుకోనివ్వలేదు." ఈసారి పిల్లలు నవ్వలేదు. "సర్లేవే, ఆటోలో వచ్చెయ్," అని మొగుడు పెడలు తొక్కాడు. పిల్లలు వెనక్కి చూస్తూనే అతని వెంట వెళ్లారు.

ఆటో వచ్చింది. మంగతాయారు క్యారియర్ అందులో పెట్టి, "ఇది పూల దగ్గర మావాళ్లకి ఇచ్చెయ్యి బాబూ," అని పంపేసింది. లచ్చన్న వైపు తిరిగి, "సీటు కిందికి దించు," అంది.

"బోల్టు తుప్పు పట్టీసిందమ్మా. పడిపోతే నానేటి సెప్పాలి మీవోళ్లకి?"

"పడిందని చెప్పు. దించు ముందు."

కిరసనాయిలు పోసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి నన్ను కిందికంటా దించాడు. దెబ్బలు తిన్నా నాకు కోపం రాలేదు. మంగతాయారు సైకిల్ని కొట్టు ముందున్న కల్వర్టు గోడ పక్కకి నడిపించింది, గోడెక్కింది, కడ్డీ మీదుగా కాలు వేసి నా మీద కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ బరువంతా చేతుల మీదే ఉంచుకుంది. నన్ను నమ్మలేదు! మొదటిసారి ధబ్బున పడింది. రెండోసారి మోచెయ్యి గీరుకుంది. మూడోసారి ఊపిరి గట్టిగా పీల్చుకుని బరువంతా నా మీద వదిలేసింది. ఇంకేముంది! బ్యాలెన్సు ఆవిడ ఒంట్లోనే ఉంది, నలభై ఏళ్లుగా అలాగే ఉంది. చక్రాలు తిన్నగా సాగిపోయాయి.

రెండు కిలోమీటర్లు దాటాక రోడ్డు పక్కన సూర్యచంద్రరావు గేర్లు తప్పుగా మార్చి, ఊడిన గొలుసుతో కుస్తీ పడుతున్నాడు. చేతులు, మొహం నల్లగా గ్రీజు. మంగతాయారు గంట కొట్టింది. ఆయన తలెత్తి నోరెళ్లబెట్టాడు.

"అమ్మా!" అని లహరి గంతేసింది. "నాన్నా, అమ్మే!"

"ఆగవే మంగా, ఆగు!"

"ఆగితే మళ్లీ ఎక్కడానికి ఇక్కడ గోడ లేదండీ!" అని అరుస్తూ దాటిపోయింది. నాకు నవ్వాగలేదు. నిజానికి ఆవిడకి దిగడం కూడా రాదు.

పూల దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి బయటపడింది. రోడ్డు వదిలి, గట్టు దిగి, పసుపు పచ్చటి వలిసె చేను అంచున నన్నూ తననూ మెత్తగా పడేసుకుంది. వెనకే ముగ్గురూ వచ్చి, సైకిళ్లు రోడ్డు మీదే పడేసి రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు. జుట్టు నిండా పూరేకులతో లేచి కూర్చుని, "చూశారా! చూశారా!" అంటూ ఏడుస్తూ నవ్వుతోంది మంగతాయారు. నిఖిల్ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, "సారీ అమ్మా," అన్నాడు.

పూలు చూశారు, ఇడ్లీలు తిన్నారు. తిరిగి బయల్దేరేటప్పుడు ఎక్కడానికి అక్కడ గోడ లేదు. సూర్యచంద్రరావు వచ్చి, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, నన్ను వెనక నుంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కు," అన్నాడు.

మంగతాయారు ఎక్కింది. రెండడుగులు అతను పక్కనే పరుగెత్తాడు.

"ఇంక వదిలెయ్యండి," అంది ఆవిడ.

వదిలేశాడు.